అంచు కనబడని రూపాయి

తప్పులు పట్టడం నా ఉద్యోగం. ఆడిట్ ఆఫీసులో చేరిన నాటి నుంచీ అదే పని. ఇంటికొచ్చాక కూడా అదే పని అని మా ఆయన వెక్కిరిస్తారు. అలాంటి నేను, ఒక వెండి రూపాయి చేతిలో ఉండి కూడా అది అసలుదో నకిలీదో చూడ్డానికి ధైర్యం చాలక, దాన్ని బీరువాలోంచి హ్యాండ్‌బ్యాగులోకీ, హ్యాండ్‌బ్యాగులోంచి మళ్ళీ బీరువాలోకీ మారుస్తూ తిరిగాను.

మేం ఉండేది మాదన్నపేటలో, కూరగాయల మార్కెట్ వెనక వీధిలో. మా ఆయన వాళ్ళది అక్కడి అమ్మవారి గుడిలో తరతరాలుగా పూజ చేసిన కుటుంబం. మామగారు పోయాక పూజ ఆయన తమ్ముడి కొడుక్కి వెళ్ళింది. మా ఆయన బ్యాంకు ఉద్యోగంలో పడ్డారు. అత్తమ్మ మాత్రం ఇప్పటికీ గుడి మనిషే. నేను వేరే జాతి. మా నాన్న కోస్తా నుంచి సర్కారు ఉద్యోగానికి వచ్చి ఈ ఊళ్ళో స్థిరపడ్డారు. ఇన్నేళ్ళ కాపురం తర్వాత కూడా నా మాట రేడియోలో వార్తలు చదివినట్టు ఉంటుందని అత్తమ్మ నవ్వుతుంది.

నాణేల పిచ్చి నాకు పెళ్ళయ్యాక పట్టింది. ఒకసారి మార్కెట్లో చిల్లరలో చెల్లని రాగి పైసా ఒకటి కలిపి ఇచ్చారు. పోట్లాడదామని వెనక్కి తిరిగి, దాని మీది అక్షరాలు చూసి అక్కడే ఆగిపోయాను. ఆ పైసా ఏమిటో కనుక్కుందామని వెతుక్కుంటూ పోతే ఉస్మాన్‌గంజ్‌లో, గోనెసంచుల దుకాణాల మీది ఇరుకు గదిలో పాత నాణేలమ్మే భాయ్ దొరికారు. అప్పటి నుంచీ నన్ను ఆపా, అంటే అక్కా, అని పిలుస్తారు. నాకు నచ్చని సరుకు చూపిస్తే ఎన్ని మాటలంటానో ఆయనకి బాగా తెలుసు.

ఆ భాయే ఈ పని నా నెత్తిన పెట్టారు. పాత నాణేలకు సర్టిఫికెట్ ఇచ్చే సంస్థలుంటాయి. నాణెం పంపిస్తే పరీక్ష చేసి, అసలుదా నకిలీదా, ఎంత అరిగింది, ఎంత బాగుంది అని తేల్చి, దానికి ఒక అంకె ఇచ్చి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అతికేసి, పైన చీటీ వేసి తిప్పి పంపుతారు. ఆ డబ్బా మళ్ళీ తెరుచుకోదు. పగలగొట్టాల్సిందే, పగలగొడితే సర్టిఫికెట్ పోయినట్టే. పేరున్న సంస్థల దగ్గర ఖర్చూ ఎక్కువే, ఆలస్యమూ ఎక్కువే. ఈ మధ్య ఉత్తరాదిన ఎవరో చిన్నగా ఒకటి మొదలుపెట్టారు. పెద్దగా ఎవరికీ తెలియదు. వాళ్ళకి పంపొచ్చా కూడదా అన్నది భాయ్ బెంగ.

"మీరే జర చూసి చెప్పుండ్రి ఆపా. మీకు గుస్సా జ్యాదా, మొహమాటం తక్కువ. గీ కామ్‌కి గట్లాంటోళ్ళే హోనా," అన్నారు.

నా కోపాన్ని పొగిడారో తిట్టారో తెలియలేదు గానీ ఒప్పుకున్నాను.

ఇలాంటివాళ్ళని పరీక్షించడానికి నాకు తెలిసిన దారి ఒక్కటే. అసలుదని నాకు ఖాయంగా తెలిసిన నాణెం ఒకటి, నకిలీదని ఖాయంగా తెలిసింది ఒకటి, చూపుకి ఒకేలాంటివి, ఏమీ చెప్పకుండా కలిపి పంపించడం. నా దగ్గర నిజాం కాలపు చార్మినార్ రూపాయిలు అలాంటివే రెండున్నాయి. అసలుది ఏళ్ళ తరబడి గాలి సోకి నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది. రెండోది ఎవరో ఏనాడో అసలు రూపాయికి అచ్చు తీసి, వెండి పోసి చేసింది. వెండీ మంచిదే, తూకమూ సరిపోతుంది. కాస్త తెల్లగా ఉంటుందంతే. అసలు తేడా దాని అంచు మీద ఉంది. అచ్చు రెండు ముక్కలు కలిసిన చోట సన్నటి గీత, వెంట్రుక మందాన. అది కంటికంటే గోటికే బాగా దొరుకుతుంది.

అప్పటికే మా ఆయనకి గుండె ఆపరేషన్ చెయ్యాలని డాక్టర్లు చెప్పి ఉన్నారు. ఇంకా వ్యవధి ఉంది కదా అని ఇంట్లో ఎవరి పనుల్లో వాళ్ళం ఉన్నాం, ఉన్నట్టు నటించాం. ఆ సాయంత్రం ఆయన నా టేబుల్ దగ్గరకొచ్చి ఏం చేస్తున్నావని అడిగారు. నేను ఆయన బొటనవేలు పట్టుకొని నకిలీ రూపాయి అంచు మీద గోటిని మెల్లగా నడిపించాను.

"తగిలిందా?"

"తగిలింది. దొంగ దొరికిండు," అన్నారు. ఆయన చెయ్యి చల్లగా ఉందని అప్పుడే అనుకున్నాను.

రెండు రూపాయిలనీ రెండు కాగితపు సంచుల్లో వేసి, ఒక చిన్న అట్టపెట్టెలో పెట్టాను. అందులో రెండు నాణేలున్నాయని కాగితం రాసి పెట్టాను. మర్నాడు భాయ్ వచ్చి తీసుకెళ్ళి కొరియర్‌లో వెయ్యాలి. తనకీ ఏది ఏదో తెలియకూడదని పెట్టె తెరవనని ముందే చెప్పారు.

తెల్లవారి ఆయన మొహం కడుక్కుంటూ వాష్‌బేసిన్ పట్టుకొని అలాగే కూలబడిపోయారు. అంబులెన్సు, ఆస్పత్రి, సంతకాలు, ఆ రోజే ఆపరేషన్. పెట్టె సంగతి నాకు గుర్తు కూడా లేదు. అత్తమ్మ ఒక్కతే ఇంట్లో ఉండిపోయింది.

ఆపరేషన్ బాగానే జరిగిందన్నారు. ఆయన్ని ఐసీయూ అద్దంలోంచి చూపించారు. మూడోనాడు నేను బయట బెంచీ మీద కూర్చొని ఉండగా భాయ్ ఫోన్ చేశారు. ముందు మా ఆయన గురించి అడిగి, దువా చేస్తున్నానని చెప్పి, తర్వాత అసలు మాటకొచ్చారు.

"ఆపా, గా కంపెనీవాళ్ళు ఫోన్ చేసిన్రు. డబ్బల ఒక్కటే సిక్కా ఉన్నదంట. మీరేమో రెండు రాసిన్రు. నేనైతే మీ అత్తమ్మ ఇచ్చింది ఇచ్చినట్టే టేప్ కొట్టి పంపిన, ఖుదా కసమ్."

భాయ్ మీద నాకు అనుమానం లేదు. వెంటనే ఇంటికి ఫోన్ చేశాను.

"ఇంకేడికి పోతది బిడ్డా? ముడుపు కట్టిన," అంది అత్తమ్మ. "నా కొడుకు పానం మీదికొస్తే ఇంట్ల వెండిది ఉండంగ కాయితం నోటు కడ్తనా? రెండిటిని చింతపండు పెట్టి మంచిగ తోమిన. తెల్లగ మెరిసినయ్. ఒకటి అమ్మవారికి కట్టిన, ఒకటి మల్ల నీ డబ్బలనే ఏసిన. మూత గూడ పెట్టిన."

"ఏది కట్టారు అత్తమ్మా?"

"ఏదేంది? రెండు ఒక్కతీర్గనే ఉన్నయ్ గద."

ముందు నాకు వచ్చింది కోపమే. చింతపండు! నాణేలు సేకరించేవాళ్ళ ముందు ఆ మాట అంటే చెవులు మూసుకుంటారు. ఏళ్ళ తరబడి పట్టిన ఆ నలుపే పాత నాణేనికి అందం, విలువ. దాన్ని పూజ గిన్నెల్లాగా తోమేసింది. కానీ ఫోన్ పెట్టేసి కాసేపు కూర్చున్నాక కోపం దిగిపోయి, దాని కింద ఉన్నది బయటపడింది. రంగు తేడా పోయింది. ఇప్పుడు ఆ రెండింటినీ విడదీసి చెప్పగలిగేది అంచు మీది గీత ఒక్కటే. ఒకటి దూరాన ఎవరి చేతుల్లోనో ఉంది. ఇంకొకటి పసుపు బట్టలో, అమ్మవారి పటం ముందు, మూడు ముళ్ళ మధ్య ఉంది.

ముడుపంటే మొక్కు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు పసుపు బట్టలో నాణెం కట్టి, ఈ గండం గడిపించు తల్లీ అని మొక్కి, దేవుడి దగ్గర పెడతారు. మొక్కు తీరాక ఆ మూటని అలాగే తీసుకెళ్ళి హుండీలో వేస్తారు. మధ్యలో విప్పకూడదు. విప్పితే మొక్కు చెడినట్టే. ఆ మాట ఈ ఇంట్లో అడుగుపెట్టిన ఏడాదే అత్తమ్మ నాకు నేర్పింది.

నేను దేవుణ్ణి నమ్ముతానా అంటే చెప్పలేను. భయపడతాను, అంతవరకు ఖాయం. నా మొగుడి ప్రాణానికి బదులుగా అమ్మవారి ముందు నకిలీ రూపాయి కట్టి పెట్టామేమో అన్న ఆలోచన ఒకసారి వచ్చాక ఇక వదల్లేదు. పైగా ఆ నకిలీది కొనుక్కొచ్చి ఇంట్లో పెట్టింది నేను. లిఫ్టు తలుపు తెరుచుకున్న ప్రతిసారీ బెంచీ మీంచి లేచి నిలబడేదాన్ని.

ఆ తర్వాత ఆయనకి జ్వరం మొదలైంది. కుట్ల దగ్గర చీము పట్టిందన్నారు. వార్డులోకి మార్చినవాళ్ళు మళ్ళీ ఐసీయూలోకి తీసుకెళ్ళారు. డాక్టరు నాతో మాట్లాడేటప్పుడు నా మొహంలోకి చూడడం మానేసి చేతిలో కాగితాల్లోకి చూడడం మొదలుపెట్టాడు. ఆడిట్‌లో ఎదురుగా కూర్చున్నవాళ్ళు అలా చూశారంటే ఏమిటో నాకు తెలుసు.

సరిగ్గా అప్పుడే సంస్థ ఫలితం ఫోన్‌లో వచ్చింది. అసలైన నాణెం. తోమడం వల్ల పైపొర దెబ్బతింది కాబట్టి అంకె ఇవ్వలేదు. అంతే.

ఆ రెండు వాక్యాలనీ బెంచీ మీద కూర్చొని మళ్ళీ మళ్ళీ చదివాను. వీళ్ళు పనిమంతులైతే, అక్కడికి వెళ్ళింది అసలుది. అంటే అమ్మవారి ముందు ఉన్నది నకిలీది. వీళ్ళు పని రానివాళ్ళైతే, నకిలీదాన్నే అసలుదని రాసి పారేశారు. అంటే అమ్మవారి ముందు ఉన్నది అసలుది. ఆ సంస్థ మోసకారిదని తేలితే చాలు, నాకు ఊపిరి ఆడుతుంది. ఎవరి తప్పైనా పట్టకుండా వదలని నేను, వాళ్ళు తప్పు చేసి ఉండాలని దండం పెట్టుకున్నాను.

వాళ్ళేమో మంచివాళ్ళుగా తేలుతూ పోయారు. చింతపండు కనిపెట్టారు కదా, అది మొదటి దెబ్బ. తోమిన నాణేన్ని ఎవరైనా గుర్తుపడతారులే అని సర్దిచెప్పుకున్నాను. భాయ్ ఫోన్ చేసి, తన బేరగాడొకడు పంపిన బంగారు మొహరుని నకిలీదని తిప్పికొట్టారని, అది నిజంగా నకిలీదేనని సంతోషంగా చెప్పారు.

"ఈమాన్‌దార్ లోగ్ హై ఆపా! మస్తు నజర్ ఉన్నది వాళ్ళకు!"

"సరే భాయ్," అని పెట్టేశాను. వాళ్ళ నిజాయితీ గురించి ఒక్కొక్క మాట విన్నప్పుడల్లా నాకు పటం ముందున్న మూటే గుర్తొచ్చేది.

బట్టలు మార్చుకోవడానికి ఇంటికి వచ్చిన ఒక మధ్యాహ్నం భాయ్ ఆ డబ్బా తెచ్చి ఇచ్చారు. గుమ్మంలోనే నిలబడి మాట్లాడుకున్నాం. అత్తమ్మ లోపల చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. రూపాయి అద్దంలా మెరుస్తూ ప్లాస్టిక్ మధ్యలో కూర్చుని ఉంది. ముందు వెనక రెండూ చక్కగా కనబడుతున్నాయి. దాన్ని కదలకుండా పట్టుకోవడానికి చుట్టూ తెల్లటి రింగు బిగించారు. అంచు మొత్తం ఆ రింగు లోపల దాగిపోయింది.

"అంచు కనబడటం లేదు భాయ్."

"అందరి డబ్బాలు గిట్లనే ఉంటయ్ ఆపా. తోడ్ కే దేఖో. ఒకటి నక్లీ, ఒకటి అస్లీ అన్నరు గద మీరు. గిది ఏదో తెలిస్తేనే కద వాళ్ళ సంగతి తెలిసేది."

పగలగొట్టి చూడమంటున్నారు. సుత్తి వంటింటి గూట్లోనే ఉంది. ఒక్క దెబ్బ, ఒక్కసారి గోటితో తడమడం, అంతే పని. "తర్వాత చూస్తాను భాయ్," అన్నాను. గీత తగలకపోతే? చేతిలో ఉన్నది అసలుదని తెలిశాక, ఆ మూటని విప్పి మార్చడానికి లేదు, విప్పకుండా ఐసీయూ బయట కూర్చోవడానికీ లేదు. తెలియకపోవడంలో ఉన్న సగం ఆశని చేజేతులా పోగొట్టుకోవడం నా వల్ల కాలేదు.

ఆ రోజు నుంచి అత్తమ్మ అన్నం ముట్టడం మానేసింది. పొద్దున చాయ్, అంతే. కొడుకు మీద బెంగ అనుకున్నాను. రెండు మూడు రోజులు చూసి బలవంతంగా కంచం ముందు పెడితే దాన్ని పక్కకి నెట్టి నా చెయ్యి పట్టుకుంది.

"ఒక్క మాట అడుగుత, నిజం చెప్పు బిడ్డా. గా సాయిబు నీతోటి అన్నది విన్న. గా రెండిట్ల ఒకటి నక్లీదంట గద. నేను కట్టింది ఏది?"

భాయ్ మాట సగం ఉర్దూలో ఉంటుంది, ఆమెకి వినబడినా పట్టించుకోదులే అనుకున్నాను. ఈ వీధుల్లో పుట్టి పెరిగిన మనిషికి నాకంటే ఉర్దూ బాగా వచ్చు, ఆ సంగతి నాకు తోచనే లేదు. ఒకే భయాన్ని ఇద్దరం ఒకే ఇంట్లో చెరో మూల దాచుకొని కూర్చున్నాం.

"నాకేం ఎర్కలేదు బిడ్డా. తెల్లగ మెరిసేసరికి రెండు ఒక్కటే అనుకున్న. నక్లీది కట్టి నా కొడుకును నేనే..." అని ఆపేసింది.

నేను లేచి హ్యాండ్‌బ్యాగులోంచి ఆ డబ్బా తీసి తెచ్చాను. ఆమె దాన్ని కళ్ళ దగ్గర పెట్టుకొని చీటీ వైపు చూసింది. తెలుగు చదువుతుంది, ఇంగ్లీషు రాదు.

"ఏం రాసిన్రు?"

"నకిలీ అని రాశారు అత్తమ్మా," అన్నాను. నా గొంతు నాకే అధికారి గొంతులా వినిపించింది. "ఇది నకిలీది. అమ్మవారికి మీరు కట్టింది అసలుది."

ఆమె నమ్మడానికి సిద్ధంగానే ఉంది గానీ, తెలివితక్కువ మనిషి కాదు. డబ్బాని తిప్పి తిప్పి చూసింది.

"మరి నక్లీదాన్ని గింత మంచి డబ్బల ఎందుకు పెట్టిన్రు?"

"మళ్ళీ ఎవర్నీ మోసం చెయ్యకుండా బంధించి పెట్టారు."

అత్తమ్మ తల ఊపింది. గట్లనే కావాలె దానికి, అంది. కంచం దగ్గరికి లాక్కుంది. ఆమె అన్నం కలుపుకొని తింటూ ఉంటే నేను వంటింటి గోడకి ఆనుకొని నిలబడ్డాను. నాణేన్ని సరిగ్గా చూడకుండా సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళని ఎన్ని మాటలన్నానో నాకు గుర్తుంది. ఇప్పుడు నేను, మూటలో కంటికి కనబడని నాణేనికే సర్టిఫికెట్ ఇచ్చాను. నా భయం ఒక్క ఇసుమంత కూడా తగ్గలేదు. అది ఇప్పుడు నా ఒక్కదానిదే, అంతే.

జ్వరం తగ్గింది. మందు మార్చారు, మళ్ళీ కుట్లు వేశారు, మెల్లగా తగ్గింది. డాక్టరు మళ్ళీ నా మొహంలోకి చూసి మాట్లాడటం మొదలుపెట్టాడు. భాయ్ ఫోన్ చేసి ఆ సంస్థ గురించి ఏం తేల్చారని అడిగితే, పరీక్ష చెడిపోయింది, నేను ఏమీ చెప్పలేను, మీ బేరగాళ్ళ అనుభవం చూసుకోండి అన్నాను. ఆయన ఆశ్చర్యపోయారు. నా నోట చెప్పలేను అన్న మాట ఆయన ఎప్పుడూ వినలేదు.

మా ఆయన ఇంటికి వచ్చారు. సగం మనిషి అయిపోయారు. కుర్చీలో దిండ్లు పెట్టి కూర్చోబెట్టాం. అత్తమ్మ చెప్పుల స్టాండు వెనక నుంచి ఆ డబ్బాని రెండు వేళ్ళతో పట్టుకొచ్చింది. నకిలీది పూజగది ఉన్న ఇంట్లోకి రాకూడదని అక్కడ పెట్టిందట.

"చూడు కొడుకా, గిదే నక్లీది. నేను మంచిదాన్నే కట్టిన. నా చేతికి అమ్మవారే ఇచ్చింది."

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. నేను మందుల డబ్బా పట్టుకొని అక్కడే ఉన్నాను. ఆయన చీటీ చదివారు. పెదవులు కొంచెం కదిలాయి. తలెత్తి నా వైపు చూశారు.

"అవునమ్మా," అన్నారు, "పక్కా నక్లీది."

అత్తమ్మ దాన్ని తీసుకొని మళ్ళీ చెప్పుల దగ్గరికి పోయింది. ఆమె అటు వెళ్ళాక ఆయనకి అంతా చెప్పాను. అంచు సంగతి, చింతపండు సంగతి, నా అబద్ధం. ఆయన చెయ్యి ఛాతీ మీద, కుట్ల పక్కకి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. పగలగొట్టి చూద్దామా అని ఆయనా అడగలేదు, నేనూ అడగలేదు. ఆ రాత్రి ఆయన దగ్గినప్పుడల్లా ఇద్దరం ఒకేసారి ఊపిరి బిగబట్టామని నాకు తెలుసు.

కాస్త నడవగలిగాక ముగ్గురం ఆటోలో గుడికి వెళ్ళాం. అత్తమ్మ ముడుపు తీసి ఆయన చేతిలో పెట్టింది. పసుపు వెలిసి ముడతలు పడ్డ ఆ మూట ఆయన అరచేతిలో చాలా చిన్నగా కనిపించింది. ఆమె అమ్మవారి వైపు తిరిగి కళ్ళు మూసుకొని చేతులు జోడించింది.

ఆయన హుండీ ముందు నిలబడ్డారు. వెంటనే వెయ్యలేదు. కిందికి చూశాను. బొటనవేలి గోరు బట్ట మీంచి, లోపలి రూపాయి అంచు వెంబడి మెల్లగా నడుస్తోంది. నేను నేర్పిన పద్ధతిలోనే, చుట్టూ తిరిగి వస్తోంది. ఒక చోట ఆగింది.

నేను ఆయన చేతి మీద చెయ్యి వేశాను. "వెయ్యండి," అన్నాను.

వేశారు. లోపల ఎక్కడో చిల్లర మీద పడిన చప్పుడైంది. అత్తమ్మ కళ్ళు తెరిచి, అయిందా అని అడిగింది. అయింది అన్నాం. తిరిగి వస్తుంటే మార్కెట్ దగ్గర ఆటో ఆపించి బీరకాయలు కొనమంది, కొన్నాను. ఆయన గోటికి ఏం తగిలిందో నేను అడగలేదు. ఆయన చెప్పలేదు.